మా రాశి పేరు హటాడియా



ఈ పోస్టు పొడుగు ఉంది. మెస్సులో తిన్నాక నిదానంగా చదవండి, తొందర లేదు. రాశులు పన్నెండు అని అందరికీ తెలుసు. మేము పదమూడోది ఒకటి పెట్టుకున్నాం. దాని పేరు హటాడియా, గుర్తు ఎద్దు. బరువు మోసే ఎద్దు కాదు, బరువు మోయని ఎద్దు. అది ఎందుకు పెట్టుకున్నాం, ఆ ఎద్దు ఎక్కడిది, దాని మీద మా రూములో రెండు రాత్రులు ఎందుకు కొట్లాడుకున్నాం అనేదంతా రాస్తున్నాం.

జూన్‌లో పుట్టినోళ్ళం

మేము నిజామాబాద్ టౌనులో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివేటోళ్ళం. ఒక్క రూములో ఆరుగురం. నలుగురం బోధన్, వర్ని, రుద్రూర్ వైపు తండాలోళ్ళం. ఒక దోస్తు ఉట్నూరు వైపు గోండు గూడెం నుంచి వచ్చిండు, ఇంకొకడు నాయక్‌పోడ్. బయట మన మధ్య ఏ రాజకీయాలు ఉన్నా, రూములో మాత్రం ఒకటే బకెట్టు, ఒకటే చార్జరు. అందరి ఇండ్లల్లో డిగ్రీ కాలేజీ గేటు దాటింది మేమే మొదలు.

మా ఆరుగురి సర్టిఫికెట్లు పక్కపక్కన పెడితే ఒక విచిత్రం కనిపిస్తది. నలుగురం జూన్ మొదటి వారంలోనే పుట్టినం. ఇది చదివే మీలో కూడా చాలామంది ఇప్పుడు నవ్వుకుంటున్నారని మాకు తెలుసు. బడిలో చేర్పించిన నాడు సారు "పిల్లగాడు ఎప్పుడు పుట్టిండు" అని అడిగితే, యాడి "జొన్న కోతలప్పుడు, పెద్దోడి తర్వాత రెండేండ్లకు" అని చెప్పింది. జొన్న కోతలను సర్టిఫికెట్‌లో రాసే జాగా లేదు. సారు పిల్లగాడి చెయ్యి తల మీది నుంచి అవతలి చెవికి అందుతుందా లేదా చూసి, బడి తెరిచే నెలలో ఒక తారీఖు వేసిండు. ఆ తారీఖే ఆధార్‌లోకి పోయింది, స్కాలర్‌షిప్ ఫారంలోకి పోయింది, ఇప్పుడు మా ఫోన్లలో బర్త్‌డే విషెస్ కూడా ఆ తారీఖుకే వస్తున్నాయి.

కాలేజీలో క్లాసోళ్ళు పొద్దున్నే రాశిఫలాలు స్టేటస్ పెడతారు. "నీదే రాశి రా?" అని అడిగితే మేము నోరు మెదపం. మన దగ్గర రాశి అంటే పుట్టిన టైముకు చంద్రుడు ఉన్న చోటు. టైము కావాలి, తారీఖు కావాలి. మాకు రెండూ లేవు. ఒకరోజు క్యాంటీన్‌లో ఒక దోస్తు నవ్వుకుంటూనే "అయితే మీకు రాశే లేదన్నట్టు" అన్నడు. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు, అది మాకు తెలుసు. కానీ ఆ మాట రూముదాకా మా వెంబడి వచ్చింది. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, నివాసం సర్టిఫికెట్ ఒక్కొక్కటి సంపాదించడానికి మీసేవ చుట్టూ తిరిగినోళ్ళం మేము. ఇప్పుడు ఆకాశంలో కూడా మా పేరు మీద రికార్డు లేదంటే నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు.

పేరును బట్టి కూడా రాశి చూస్తారు కదా అని ఇంకొకరు చెప్పారు. పంచాంగంలో మొదటి అక్షరం చూసుకోవాలి. మాలో ఒకడి పేరు 'రా'తో మొదలైతది, వాడికి చిత్త నక్షత్రం, తులా రాశి వచ్చింది. తుల అంటే తరాజు.  మా బోధన్ వైపోళ్ళకు తరాజు అంటే వేరే తరాజు గుర్తుకొస్తది: చెరుకు కాంటా. రాత్రంతా బండ్ల లైనులో చలికి ముడుచుకుని, తెల్లారినాక కాంటా మీద బండి ఎక్కించి, బరువు రాసిన చీటీ చేతిలోకి వచ్చేదాకా పెద్దోళ్ళకు నిద్ర లేదని ఇంట్లో చెప్తుంటరు. "ఇన్నేండ్లు తూకం కింద నిలబడ్డది చాలు, రాశి కూడా అదే ఎందుకు" అని వాడే అన్నడు. అక్కడినుంచి మొదలైంది మా పదమూడో రాశి.

జంతువులను మార్చుకోవడం కొత్తేమీ కాదు

ముందు ఒకటి అనుకున్నాం. ఉన్న లెక్కలోకి కొత్త జంతువును తోయడం పిచ్చిపని కాదా? లైబ్రరీలో కొంత, ఫోన్‌లో కొంత చదివినం. చదివితే తెలిసింది ఏమిటంటే, అందరూ అదే పని చేసిండ్రు.

సూర్యుడు నడిచే దారిని 30 డిగ్రీల చొప్పున పన్నెండు సమాన ముక్కలు చేసింది బాబిలోన్ వాళ్ళు, క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో. అక్కడినుంచి గ్రీకులకు, గ్రీకుల నుంచి మన దేశానికి ఆ పన్నెండు వచ్చినయి. మన దగ్గర అంతకుముందే 27 నక్షత్రాల లెక్క ఉంది. వచ్చిన రాశులను మనోళ్ళు ఉన్నదున్నట్టు పెట్టుకోలేదు. బాబిలోన్‌లో మకరం సగం మేక, సగం చేప. మన దేశానికి వచ్చేసరికి అది మొసలి లాంటి మకరం అయింది. నదిలో ఏది భయపెడితే దాన్ని ఆకాశంలో పెట్టుకున్నారన్నమాట. చైనా వాళ్ళ పన్నెండేళ్ళ జంతువుల్లో ఎద్దు, కుందేలు ఉన్నాయి. అదే లెక్క వియత్నాం పోయేసరికి ఎద్దు జాగాలో బర్రె, కుందేలు జాగాలో పిల్లి వచ్చినయి. వరి మళ్ళలో దున్నేది బర్రె కాబట్టి బర్రెకే గౌరవం.

కొత్త రాశిని కలిపినోళ్ళు కూడా ఉన్నారు. 1970లో స్టీవెన్ ష్మిట్ అనే ఆయన పద్నాలుగు రాశుల జ్యోతిషం అని పుస్తకం రాసిండు. పాములు పట్టే మనిషి ఒకటి, తిమింగలం ఒకటి, రెండు కలిపిండు. అందులో పాములు పట్టే మనిషి ఆయన కల్పన కాదు, ఆ నక్షత్రమండలం పాతకాలం నుంచి ఉన్నదే. ఖగోళ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం 1930లో ప్రకటించిన హద్దుల ప్రకారం, నవంబర్ ఆఖరి నుంచి డిసెంబర్ 17 దాకా సూర్యుడు దాని ముందే ఉంటడు. 2016లో నాసా పిల్లల కోసం ఈ సంగతి వివరిస్తే, ప్రపంచమంతా "మా రాశి మారిపోయిందా" అని గోల పెట్టింది. రాశులు మార్చడం మా పని కాదు, మేం లెక్క చెప్పినం అంతే అని నాసా వాళ్ళు చెప్పుకోవలసి వచ్చింది.

అంత దూరం ఎందుకు, మన బోధన్ పక్కనే చూడండి. సాలూర దాటితే మహారాష్ట్ర. అక్కడి మరాఠీ రైతులు పంచాంగంలో ప్రతి వానకార్తెకు వాహనం ఏమిటో చూస్తరు. గుర్రం, నక్క, కప్ప, గొర్రె, నెమలి, ఎలుక, బర్రె, గాడిద, ఏనుగు అని తొమ్మిది. సూర్యుడి నక్షత్రం నుంచి చంద్రుడి నక్షత్రం దాకా లెక్కబెట్టి, తొమ్మిదితో భాగించి, మిగిలినదాన్ని బట్టి జంతువు వస్తది. కప్ప, బర్రె, ఏనుగు వస్తే వాన బాగా పడుతదని సంబరం. నక్క, గొర్రె వస్తే విత్తనాలు పట్టుకుని ఆకాశం దిక్కు చూడాల్సిందే. జంతువును చూసి వాన రాదని మనకు తెలుసు. కానీ రోజూ కండ్లముందు ఉండే జంతువులతోనే రైతు తన భయాన్ని, ఆశను చెప్పుకున్నడు. అందులో సింహం లేదు, గమనించండి. గాడిద ఉంది, ఎలుక ఉంది.

మనోళ్ళ ఆకాశం

మన జాతులకు ఆకాశం తెలియదని ఎవరన్నా అంటే నమ్మకండి. టాటా పరిశోధన సంస్థకు చెందిన మయాంక్ వాహియా, గణేశ్ హల్కరేతో కలిసి గోండుల ఆకాశం మీద 2013లో ఒక వ్యాసం అచ్చు వేసిండు. 2014లో వాళ్ళ బృందమే బంజారాలు, కొలాంల ఆకాశం మీద ఇంకొకటి రాసింది. గోండులకు సప్తర్షులు ఋషులు కారు. నాలుగు చుక్కలు మంచం, తోకలో ఉన్న మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకుపోవాలని వచ్చిన ముగ్గురు దొంగలు. ఇది చదివి వినిపిస్తే మా గోండు దోస్తు "ఇది రాయడానికి టాటా వాళ్ళు రావాలా, మా తాత చెప్తుండె" అన్నడు. తెలుగు రైతులు కూడా కృత్తికను పిల్లలకోడి అంటరు. వరసగా ఉండే మూడు చుక్కలను గొర్రుకొయ్యలు అంటరు, విత్తనం వేసే గొర్రు లాగ ఉంటయి కాబట్టి. కోడి, గొర్రు, మంచం. పనిచేసేటోళ్ళ ఇంట్లో ఉండే సామాను ఇదే కదా.

అయితే మా జంతువు ఏది? ఆరుగురం కూర్చుని ఆలోచించినం. పులి అని ఒకడు, నెమలి అని ఒకడు. పులిని మాలో ఎవరూ చూడలేదు, జూలో తప్ప. చివరికి అందరి ఇండ్లల్లో పేరు పెట్టి పిలిచిన జంతువు ఒక్కటే అని తేలింది. ఎద్దు.

హటాడియా ఎవరు

రైళ్ళు, సడకులు రాకముందు మన దేశంలో ధాన్యం, ఉప్పు ఒకచోటు నుంచి ఇంకోచోటికి పోయింది ఎద్దుల మీద. ఆ ఎద్దులను నడిపింది బంజారాలు. దాన్ని మేము లదేణి అంటాం. 17వ శతాబ్దంలో గోల్కొండ దాకా వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దుల బిడారు ఎదురైతే అవి దాటిపోవడానికి రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని రాసిండు. ఆలోచించండి, పన్నెండు వేల ఎద్దులు. వాటన్నిటికీ ముందు నడిచేది ఎవరు?

దానికి జవాబు బేరార్‌లో పోలీసు అధికారిగా చేసిన కంబర్లెజ్ అనే ఇంగ్లీషాయన 1882లో బంజారాల మీద అచ్చు వేసిన పుస్తకంలో దొరికింది. ఆయన పనిచేసిన వణి జిల్లా అంటే ఇప్పటి యవత్మాల్, మన ఆదిలాబాద్‌కు పక్కనే. ప్రతి బిడారులో బాలాజీకి అంకితం చేసిన ఎద్దు ఒకటి ఉండేదట, దాని పేరు హటాడియా. దాని మీద ఎవరూ బరువు పెట్టరు. ఎర్ర పట్టు కుచ్చులు, గంటలు, మెడకు కాళ్ళకు ఇత్తడి గొలుసులు, గవ్వల దండలు కట్టి దాన్ని ముందు నడిపిస్తరు. అది ఎక్కడ అలసి పండుకుంటే, ఆ రోజుకు బిడారంతా అక్కడే ఆగాలి. కష్టం వస్తే దాని కాళ్ళ దగ్గరే మొక్కుకుంటరు. మనిషికి రోగం వచ్చినా, పశువుకు రోగం వచ్చినా దాన్నే నమ్ముకుంటరు.

1916లో రసెల్ అనే అధికారి తన పెద్ద పుస్తకంలో ఇదే మళ్ళీ ఎత్తి రాసిండు. ఇట్లాంటి పుస్తకాల్లో మనోళ్ళ గురించి రాసిన చాలా మాటలు చదివితే కడుపు మండుతది. 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చి, చాలాచోట్ల బంజారాలను దొంగల లెక్కలో వేసిన ప్రభుత్వం మనుషులే ఇవి రాసిండ్రు. అయినా వాళ్ళ కాగితాల్లోనే మన ఎద్దు దాక్కుని ఉంది, గంటలతో సహా.

తండాకు ఫోన్ చేసి దాదిని అడిగినం. హటాడియా అనే పేరు ఆమెకు తెలియదు. "గంటల ఎద్దు ముందుండేదని మా దాది చెప్పేది. అది ఆగితే వెనకున్నోళ్ళు పొయ్యి పెట్టుకునేటోళ్ళు" అన్నది. మాకు అది చాలు. ఇప్పటికీ ఆషాఢంలో మంగళవారం నాడు సీత్లా పండుగ చేస్తాం, మనుషుల కోసం కాదు, పశువులు సల్లగుండాలని. లదేణి పోయింది, పండుగ మాత్రం మిగిలింది.

ఆకాశంలో జాగా

ఎద్దు రాశి ఇదివరకే ఉంది కదా, వృషభం, అని మీరు అడుగుతరు. మాకూ అదే అనుమానం వచ్చింది. కానీ జ్యోతిషంలో వృషభం స్థిర రాశి. ఉన్నచోట ఉంటది, ఆస్తి, తిండి, మొండితనం అని రాస్తరు. మాది నడిచే ఎద్దు. ఇంకో సంగతి, పాత నక్షత్ర పటాల్లో వృషభానికి ముందు సగమే గీస్తరు. తల, కొమ్ములు, ముందు కాళ్ళు. నడుము వెనక ఏమీ ఉండదు. మిగతా సగం మా తండాల్లో ఉండొచ్చు అనుకున్నాం.

చలికాలం రాత్రి, చెరుకు కొట్టే రోజుల్లో, తూర్పు దిక్కు చూడండి. ముందు పిల్లలకోడి లేస్తది. తర్వాత ఎర్రగా మెరిసే రోహిణి లేస్తది. ఆ వెనక గొర్రుకొయ్యలు లేస్తయి. మేము దాన్ని ఇట్లా చదువుకున్నాం: పిల్లలకోడి అంటే మెడలో గంటలు, అవి ముందు వినిపిస్తయి. రోహిణి ఎద్దు కన్ను. వెనక గొర్రుకొయ్యలు మొదటి బరువు ఎద్దులు, వాటి వెనక బిడారు అంతా. హాస్టల్ మేడ మీద నుంచి టౌను లైట్ల మధ్య పిల్లలకోడి సరిగ్గా కనపడదు. తండాకు పోయినప్పుడు కనపడతది.

ఇప్పుడు అసలు తమాషా వినండి. భూమి తన ఇరుసు మీద బొంగరం లాగ మెల్లగా ఊగుతది, ఒక్క చుట్టు తిరగడానికి దాదాపు 26,000 ఏండ్లు. అందుకే రెండు వేల ఏండ్ల కిందటి రాశుల తారీఖులకు, ఇప్పటి ఆకాశానికి పొంతన తప్పింది. పేపరులో ఇంగ్లీషు లెక్క ప్రకారం జూన్ మొదటి వారం మిథునం. కానీ నిజంగా ఆకాశంలో సూర్యుడు మే 14 నుంచి జూన్ 21 దాకా వృషభం చుక్కల ముందే ఉంటడు. మన రైతుల లెక్క కూడా అదే చెప్తది: మే 25 నుంచి జూన్ 7 దాకా రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. అంటే జూన్ మొదటి వారంలో సూర్యుడు ఉన్నది సరిగ్గా ఎద్దు కన్ను దగ్గర. బడి సారు అంచనాకు వేసిన తారీఖు మమ్మల్ని నలుగురినీ తీసుకుపోయి ఎద్దు కంట్లో పడేసింది. అందుకే మా రాశికి నియమం ఇట్లా పెట్టుకున్నాం: ఎవరి పుట్టినరోజు బడిలో పుట్టిందో, వాళ్ళది హటాడియా. ఆ లెక్కన మన గ్రూపులో సగం మంది ఈ రాశే.

కొట్లాట

ఇంతవరకు నవ్వుకుంటూనే చేసినం. రాశి గుణాలు రాసేటప్పుడు కొట్లాట వచ్చింది.

మొదటి గుణం "ముందు నడిచేవారు" అని రాసినం. ఎవరూ కాదనలేదు. రెండోది "బరువు మోయరు" అని రాయగానే వర్ని వైపు దోస్తు పెన్ను లాక్కున్నడు. "మనం మోయకపోతే ఎవరు మోస్తున్నరు? అది కూడా రాయి" అన్నడు. రూము సల్లబడింది.

వాడి సంగతి మీకు చెప్పాలి, వాడు ఒప్పుకున్నాకే రాస్తున్నాం. వాడి అక్క తొమ్మిదో తరగతిలో బడి ఆపేసింది. ఇద్దరిలో ఒకరినే చదివించగలమని ఇంట్లో అనుకున్నరు. ఆ ఒక్కరు ఎవరు అని చర్చ కూడా జరగలేదు. అక్క యాడితో చెరుకు కొట్టడానికి పోయింది, నాట్లకు పోయింది, పసుపు తవ్వడానికి పోయింది. వాడి బస్ పాస్, వాడి ఎగ్జామ్ ఫీజు, వాడి చేతిలో ఉన్న ఫోను అందులోనుంచే వచ్చినయి. "గంటలు నాకు కట్టిండ్రు, బస్తా ఆమె మీద వేసిండ్రు. ఇది గొప్పగా చెప్పుకునే రాశి ఎట్లయితది?" అని అడిగిండు.

ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎందుకంటే ఆరు ఇండ్లల్లోనూ ఏదో ఒక రూపంలో అదే కథ. ఒకడికి అన్న దుబాయ్‌లో ఉన్నడు. ఒకడి బాపు ఎడ్లు అమ్మి అడ్మిషన్ అప్పుడు డబ్బు పంపిండు. మన బోధన్ వైపు ఎడ్లబండి కథ ఎప్పుడో ముగిసింది. నిజాంసాగర్ నీళ్ళు 1931లో వచ్చినయి, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. ఆ రోజుల్లో చెరుకు ఎడ్లబండ్ల మీదనే వచ్చేది. తర్వాత ట్రాక్టర్లు వచ్చినయి. 2015 డిసెంబర్‌లో లే ఆఫ్‌తో ఫ్యాక్టరీ కూడా ఆగింది. మేము అప్పుడు పదేండ్ల పిల్లలం. చెరుకున్న చాలా చేన్లలో ఇప్పుడు వరి ఉంది. ఎడ్లు ఉన్న కొట్టాల్లో బండ్లు పెట్టుకుంటున్నరు. ఎద్దును రాశిగా పెట్టుకునే నాటికి మా ఇండ్లల్లో ఎద్దు లేదు. ఈ మాట కూడా ఆ రాత్రే అనుకున్నాం.

రెండో రాత్రి కొట్లాట ఇంకో దోస్తుది. వాడు మూడో సెమిస్టర్ తర్వాత చదువు ఆపి గల్ఫ్ పోవాలని చూస్తున్నడు. వాడి మాట ఇది: "హటాడియాను ఎవడన్నా అడిగిండా, ముందు నడుస్తవా అని? గంటలు కట్టి తోలిండ్రు. అది అలసి పండుకుంటే బిడారంతా ఆగుతదంటరు. అంటే దానికి పండుకునే హక్కు కూడా లేదు. రోగం వచ్చినోడు కూడా దాని కాళ్ళ మీదే పడతడు. బరువు లేదంటరు, ఇదంతా బరువు కాదా?"

ఈ మాట మమ్మల్ని బాగా తాకింది. తండాకు పోతే ఎవరన్నా కాగితం పట్టుకుని వస్తరు. పింఛను ఎందుకు ఆగింది, భూమి పాస్‌బుక్కులో పేరు ఎందుకు తప్పు పడింది, పిల్లకు గురుకులం సీటు ఎట్లా వస్తది. మాకు తెలియని సంగతులు కూడా మాకు తెలుసనుకుంటరు. ఒక్క సబ్జెక్టు తప్పితే "వానికే రాలేదు, మన పిల్లలకు వస్తదా" అని చిన్నోళ్ళను బడి మాన్పించే మాట మొదలైతది. మీలో ఎంతమందికి ఇది అయింది? మాకు అయింది. మేము పండుకున్న చోట వెనకున్నోళ్ళు ఆగిపోతున్నరు. అది మాకు గర్వం కాదు, భయం.

అప్పుడు మా గోండు దోస్తు ఒక మాట అన్నడు. వాళ్ళ దగ్గర శ్రావణ అమావాస్యకు పొలాల పండుగ చేస్తరు. ఆ రోజు ఎద్దుకు పని చెప్పరు. కడిగి, కొమ్ములకు రంగు వేసి, మంచి తిండి పెడతరు. "మా దగ్గర ప్రతి ఎద్దుకూ ఒక రోజు బరువు దిగుతది. మీ దగ్గర ఒక్క ఎద్దుకు అన్ని రోజులూ దిగుతది. మీ పద్ధతిలో మా పద్ధతి కలపరాదా?" అన్నడు. సీదాగా చెప్పిండు, కానీ రాశి మొత్తం అక్కడ మారిపోయింది.

మేము రాసుకున్న గుణాలు

చివరికి రూము తలుపు వెనక అతికించిన కాగితంలో ఉన్నది ఇది. నచ్చితే వాడుకోండి, నచ్చకపోతే తిట్టండి.

హటాడియా వాళ్ళు ముందు నడుస్తరు, కానీ దారి వాళ్ళు కనిపెట్టింది కాదు, వెనకున్నోళ్ళు పంపింది.

హటాడియా వాళ్ళ మీద బస్తా కనపడదు. ఆ బస్తా ఎవరి మీద ఉందో వాళ్ళకు పేరు పేరునా తెలిసి ఉండాలి. తెలియకపోతే వాళ్ళు ఈ రాశి కాదు.

హటాడియా వాళ్ళకు అలసట వస్తది. వస్తే చెప్పుకోవాలి. గంటలు మోగకపోతేనే వెనకోళ్ళు భయపడతరు.

ఈ రాశిలో ఒక్కరే ఎప్పుడూ ముందుండరాదు. గంటలు విప్పి ఇంకొకరి మెడలో కట్టే రోజు రావాలి. ఆ రోజు పాత హటాడియా బస్తా ఎత్తుకుంటడు.

శుభదినం: ఎగ్జామ్ ఫీజు ఆఖరు తారీఖుకు ఒకరోజు ముందు. అశుభదినం: ఆఖరు తారీఖు, సర్వర్ డౌన్.

నాలుగో మాట కాగితం మీద ఊరికే లేదు. వర్ని దోస్తు పోయిన నెలలో తెలంగాణ ఓపెన్ స్కూల్ పదో తరగతి అడ్మిషన్ వివరాలు కనుక్కుని అక్కకు ఫోన్ చేసిండు. అక్క మొదట నవ్వింది, "ఇప్పుడెందుకురా, పెండ్లి సంబంధాలు చూస్తుంటే" అన్నది. వాడు ఊరుకోలేదు. దసరా సెలవుల్లో పోయి కాగితాలు తెచ్చిండు. ఫీజు కోసం ఆదివారాలు టౌనులో ఫంక్షన్ హాలులో వడ్డించడానికి పోతున్నడు. ఒకటి రెండుసార్లు మేమూ పోయినం. లెక్కలు అక్కకు కష్టంగా ఉన్నయట, రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ కాల్‌లో చెప్తున్నడు. పాస్ అయితదో లేదో ఇప్పుడే చెప్పలేం. బాపు అయితే "పిల్ల చదువుకు ఫోను పట్టుకుంటే పొయ్యి ఎవరు పెడతరు" అని గొణుగుతున్నడు. గొణుగుతూనే ఒకరోజు ఆయనే పొయ్యి పెట్టిండట. అక్క ఫోన్‌లో చెప్పి మస్తు నవ్వింది.

గల్ఫ్ దోస్తు ఇంకా తేల్చుకోలేదు. నాలుగో సెమిస్టర్ ఫీజు కట్టిండు, పాస్‌పోర్టుకు కూడా అప్లై చేసిండు. పోవద్దని మేము బలవంతం పెట్టడం లేదు, వాడి ఇంటి అప్పు మేము తీర్చలేం కదా. ఒక్కటే అన్నాం, పోయినా డిగ్రీ ఓపెన్‌లో కట్టు, పుస్తకాలు మేము చూసుకుంటాం అని. "చూద్దాం" అన్నడు.

జాతకం నమ్మాలా వద్దా అనేది మీ ఇష్టం. మా హటాడియా రేపు ఏమైతదో చెప్పదు. పెండ్లికి చూసుకోవడానికి పనికిరాదు, ఉద్యోగం తెచ్చిపెట్టదు. కాలేజీలో "నీదే రాశి" అని అడిగితే మాత్రం ఇప్పుడు నోరు మెదుపుతున్నాం. "హటాడియా" అంటే "అదేం రాశి" అంటరు. అప్పుడు లదేణి గురించి, గంటల ఎద్దు గురించి, చెరుకు కొట్టే అక్క గురించి చెప్తాం. వినేటోళ్ళు వింటరు.

మీ దగ్గర అడగాల్సినవి రెండున్నయి. ఒకటి, మీ గూడెంలో, తండాలో, పెంటలో పెద్దోళ్ళు ఏ చుక్కను ఏమని పిలుస్తరో అడిగి రాయండి. కోయ, కొలాం, చెంచు, ఎరుకల, నాయక్‌పోడ్, ఎవరైనా సరే. పెద్దోళ్ళు ఉన్నప్పుడే అడగండి, తర్వాత అడగడానికి ఉండరు. రెండు, మీ బస్తా ఎవరి మీద ఉందో కామెంట్‌లో వాళ్ళ వరస రాయండి. పేరు వద్దు. అక్క, అన్న, యాడి, బాపు, అవ్వ, ఎవరైతే వాళ్ళు. రాసినాక ఆ మనిషికి ఈ రాత్రే ఒక ఫోన్ చేయండి.

ఉంటాం మరి. రేపు ఇంటర్నల్ పరీక్ష ఉంది.

మీ నిజామాబాద్ హాస్టల్ తమ్ముళ్ళు